మళ్ళీ నాలుగో వారం నుంచి

ఈ శీర్షికలో ఎప్పుడూ ప్రోగ్రాముల గురించే కదా వ్రాస్తుంటాను, ఈసారీ ప్రోగ్రాం గురించే. కాకపోతే దీన్ని నడిపించేది కంప్యూటర్ కాదు, మన కాళ్ళు!

పేరు కౌచ్ టు ఫైవ్ కె. పరుగు అలవాటు లేని వాళ్ళమ్మ లాంటి వాళ్ళని దృష్టిలో పెట్టుకుని, జాష్ క్లార్క్ అనే ఆయన 1996లో తయారుచేశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకి సుమారు అరగంట. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, మళ్ళీ పరుగు... అలా పెంచుకుంటూ పోతే తొమ్మిదో వారానికి ఆగకుండా అరగంట పరుగెత్తుతాం.

నేను దీన్ని సరదాకి మొదలుపెట్టలేదు. క్రిందటి వేసవిలో రక్తపరీక్షలో హెచ్‌బిఎ1సి 43 వచ్చింది, అంటే శాతంలో 6.1. ఇక్కడ ఇంగ్లండ్‌లో 42 నుంచి 47 దాకా మధుమేహానికి ముందు మెట్టు, 48 అయితే మధుమేహమే. మా నాన్నగారు ఏళ్ళ తరబడి ఇన్సులిన్ సూదులతో పడుతున్న అవస్థ చూసినవాణ్ణి. ఆ సాయంత్రమే వెళ్ళి బూట్లు కొనుక్కొచ్చాను.

నాలుగు వారాలు బాగానే సాగింది. ఐదో వారంలో రెండు పరుగులు కూడా పూర్తిచేశాను. ఇంతలో శ్రావణంలో పిన్ని కూతురి పెళ్ళికి విజయవాడ వెళ్ళాల్సి వచ్చింది. బూట్లు సూట్‌కేసులో పెట్టుకునే వెళ్ళాను సుమండీ! పదిహేడు రోజుల్లో ఒక్కసారీ బయటికి తియ్యలేదు. పూతరేకుల లెక్క మాత్రం అడగకండి.

తిరిగొచ్చి యాప్ తెరిస్తే "ఐదో వారం, మూడో పరుగు" అని సిద్ధంగా ఉంది. అంటే 20 నిమిషాలు ఆగకుండా. నేను ఎక్కడ ఆగానో దానికి గుర్తుంది, ఎన్నాళ్ళు ఆగానో దానికి పట్టలేదు. తొమ్మిదో నిమిషానికి ఊపిరి అందక పార్కు బెంచీ మీద కూలబడ్డాను. మా వల్ల అయ్యే పని కాదులే అనుకుని, నాలుగు రోజులు బూట్ల వైపే చూడలేదు.

తరువాత కాస్త చదివితే విషయం అర్థమైంది. సాధన మానేసిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని ప్లాస్మా తగ్గడం మొదలవుతుంది. అప్పుడు గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం తగ్గి, పాత వేగానికే ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. ఆయాసం అందుకే. మళ్ళీ మొదలుపెడితే ఇది త్వరగానే సర్దుకుంటుంది. ఎముకలు, కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లు మాత్రం చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. పోయిన రోజులన్నీ ఒక్క వారంలో రాబట్టబోతే ముందు దెబ్బతినేవి అవే.

ఆఫీసులో కొత్త వెర్షన్ మొరాయిస్తే, చివరిసారి సరిగ్గా పనిచేసిన దానికి వెనక్కి వెళ్తాం. అందుకు ఎవరూ సిగ్గుపడరు. మరి నా కాళ్ళ విషయంలో ఎందుకంత నామోషీ? నాలుగో వారానికి వెళ్ళిపోయాను: మూడు, ఐదు, మూడు, ఐదు నిమిషాల పరుగులు, మధ్యమధ్య నడక.

నేను పెట్టుకున్న లెక్క ఇదీ. వారం లోపు విరామమైతే, చివరగా పూర్తిచేసిన పరుగే మళ్ళీ ఒకసారి. రెండు మూడు వారాలైతే ఒక వారం వెనక్కి, అదీ కష్టమనిపిస్తే ఇంకో వారం. నెల దాటితే మొదటి వారం నుంచే. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. జ్వరం వచ్చి ఆగినవాళ్ళు పూర్తిగా తగ్గాకే బయల్దేరాలి. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం పరుగు ఆపి వెంటనే వైద్యసహాయం తీసుకోవాలి.

రెండో వారం చివర ఆ 20 నిమిషాలూ పూర్తయ్యాయి. వేగం చెప్పుకోదగ్గదేమీ కాదు, కుక్కతో నడుస్తున్న ఒక పెద్దావిడ చాలాసేపు నాకు సమంగానే వచ్చింది. రక్తపరీక్ష మళ్ళీ వచ్చే నెలలో. ఆ అంకె ఎంతైనా కానివ్వండి, సంక్రాంతికి ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం బూట్లు సూట్‌కేసు అడుగున పెట్టను. అన్నిటికంటే పైన పెడతాను.