వినేవారు దొరికిన రోజు

1985లో ఒకనాడు అమెరికాలో ఒక యువతి క్యాథలిక్ పత్రిక తిరగవేస్తూ ఒక కథనం వద్ద ఆగిపోయింది. లూసియానా రాష్ట్రంలో ఒక ఫాదర్ పసివారిపై సాగించిన లైంగిక అత్యాచారాల వృత్తాంతమది. పదహారేళ్లుగా మనసు అట్టడుగున అణచిపెట్టినదంతా ఒక్కసారిగా పైకి ఉబికింది.

ఆమె పేరు బార్బరా బ్లేన్. స్వస్థలం ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరం. 1969లో, పదమూడవ ఏట, తమ చర్చి ఫాదరే ఆమెను చెరిచాడు. హైస్కూలు చదువు ముగియవచ్చే వరకు ఆ చెర వదలలేదు. పాపం తనదేనని నమ్మిన ఆ బాలిక నోరు మెదపలేదు. చిత్రమేమంటే, పెద్దయిన తర్వాత కూడా ఆమె తన మతానికి దూరం కాలేదు. షికాగోలో ఇల్లులేని వారికి ఆశ్రయమిచ్చే క్యాథలిక్ సేవాగృహాన్ని నడిపింది.

పత్రిక చదివిన పిదప ఆమె చర్చి పెద్దల తలుపు తట్టింది. ఆశించిన ఆదరణ లభించలేదు. ఇది ఒక్క అమెరికాకో, ఒక్క మతానికో పరిమితమైన జాడ్యం కాదు. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని మనమూ అంటాం. లంకకు చేటు తెచ్చింది గుట్టు బయటపడడమా, రావణుడు చేసిన పనా అని మాత్రం అడగం!

తనవంటి వారు ఇంకెందరో ఉండి ఉంటారని ఆమెకు తోచింది. వారిని వెదకి కూడగట్టింది. అలా 1988లో పుట్టినదే ‘స్నాప్’ అనే బాధితుల సంఘం. 2017లో, 61వ ఏట ఆమె కన్నుమూసేనాటికి సభ్యులు 20 వేలకు పైబడ్డారని ఆ సంఘం లెక్క.

ఇటువంటి బాధితుల సమావేశాలలో జరిగేది చాలా సామాన్యమైన పని. ఒకరు చెబుతారు, తక్కినవారు వింటారు. చెప్పలేనివారు ఊరకే కూర్చోవచ్చు. “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అని ఎవరూ నిలదీయరు. బయటి లోకంలో మొదట ఎదురయ్యే ప్రశ్న అదే కదా! మంచివారు సైతం తెలియక చేసే పొరపాటు మరొకటుంది: “ప్రభువు క్షమించమన్నాడు, క్షమించెయ్యి” అని తొందరపెట్టడం. గాయపడిన మనిషికి అది మరో ఆజ్ఞలా వినిపిస్తుంది. ఒకరికి ప్రార్థనే ఊరట. మరొకరికి సాంబ్రాణి వాసన సోకితే చాలు, ఊపిరి ఆడదు. ఎవరికి ఏది కావాలో వారినే అడగాలి. తమ ఇష్టానిష్టాలకు విలువ లేకుండా పోయిన చోటనే కదా వారు దెబ్బతిన్నది.

ఈ సంగతి సామాన్య విశ్వాసులకు కాస్త ఆలస్యంగా బోధపడింది. 2002 జనవరిలో బోస్టన్ ఫాదర్ల అకృత్యాలను ఒక దినపత్రిక బయటపెట్టగా, సమీపంలోని వెల్స్లీ పట్టణంలో కొందరు తమ చర్చి నేలమాళిగలోనే సమావేశమయ్యారు. ఆ జూలై నాటికి వారి మహాసభకు సుమారు 4,000 మంది వచ్చారు. బాధితులకు అండగా నిలవడమే వారు పెట్టుకున్న ఆశయాలలో మొదటిది.

బాధితులు పసివారైనప్పుడు మన దేశంలో అండతో పాటు చట్టమూ ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలి. అది ఫాదరైనా, బిషప్పైనా, బడిపంతులైనా సరే. దాచితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆ పిల్ల పేరు, ఇల్లు, బడి పత్రికలకెక్కకూడదని కూడా ఆ చట్టమే శాసిస్తోంది.