ఆంధ్ర మహిళాసభ

స్త్రీలసభ స్థాపింప ధనమే ముందు కావలెనని పలువురు తలంతురు. శ్రీమతి దుర్గాబాయి దేశముఖుగారి చరిత్రము వేఱుగాఁ జెప్పుచున్నది. వారు 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, బాల్యముననే హిందీ నేర్చి, కాకినాడలో తోడి స్త్రీలకు దానిని బోధించిరి. ఉప్పు సత్యాగ్రహమున చెఱసాల కేగివచ్చిన పిదప కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనునందు కృతార్థులై, 1937లో చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిరి. తాము గట్టెక్కిన యా పరీక్షకే యితర స్త్రీలను సిద్ధపఱచుట సభవారి తొలికార్యములలో నొకటి. చేతిపనులు, వైద్యసేవ పిమ్మటఁ జేరినవి. దుర్గాబాయిగారు 1981లో గతించిరి. సభ నేఁటికిని నడచుచున్నది.

హిందూపురమునఁ గాని, పెనుకొండఁ గాని, ధర్మవరపు మగ్గముల యిండ్లఁ గాని చదువు నడుమ నాఁగిన కోడండ్రు, బిడ్డలు లేరా? చదువు వచ్చిన నలుగురము కూడి దినమున కొక గంట వారికిచ్చితిమా, అదియే సభ. ధనము లేదనవచ్చును, ఆ గంటయు లేదనఁగలమా?