నత్త కడుపులో గుళికలు

చేలో నత్త గుల్ల కాలికి తగిలితే గట్టు మీదికి విసిరేస్తాం. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు దగ్గర, కెన్యా దేశపు బున్యాలా వరి పొలాల్లో మాత్రం నత్తలను ఏరి, విషం పట్టించి, మళ్లీ మడిలోనే పెట్టారు.

ఆ ప్రాంతపు పెద్ద మంచినీటి నత్త పేరు పైలా ఒవాటా. మన చెరువుల్లో ఉండే పైలా గ్లోబోసాకు దగ్గర చుట్టం. నీళ్లలో ఊపిరికి దీనికి మొప్ప ఉంది, గాలి పీల్చడానికి తిత్తి ఉంది. నీళ్లింకితే బురదలో దిగి, మూత బిగించుకుని నెలల తరబడి పడుకుంటుంది. తడి తగిలితే లేస్తుంది. ఇంత మొండి ప్రాణినీ నత్తగుల్ల కొంగ వదలదు. ముక్కు మధ్య సందున్న ఆ కొంగ, గుల్ల పగలకుండానే కండ తెంచి మాంసం లాగేస్తుంది. (మన దగ్గరా దాని జాతి ఉంది, శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి వాళ్లనడగండి. ఆఫ్రికా కొంగ నల్లన.)

ఆ కొంగల కోసమే నత్తకు విషం. ఏ విషమనుకున్నారు? ఫ్యూరడాన్! మొగి పురుగుకని మన చేలల్లో ఇసుకలో కలిపి చల్లిన గుళికలే. ఎర తిన్న కొంగ రెక్క లేవక కూలిపోతుంది. ఈకలు పీకి మాంసం ఊళ్లోనే అమ్ముతారు. తినేది చుట్టుపక్కల జనమే. నరాల మీద పనిచేసే ఆ మందుకు పక్షీ ఒకటే, మనిషీ ఒకటే.

2009 నుంచి మార్టిన్ ఒడీనో అనే కెన్యా పక్షి పరిశోధకుడు దీన్ని బయటపెడుతూ వచ్చాడు. ఆ ఏడాదే ఇదే మందుతో సింహాలను చంపుతున్నారని అమెరికా టీవీలో చూపించారు. గగ్గోలు లేచాక, తయారుచేసే ఎఫ్.ఎం.సి. కంపెనీ కెన్యాలో అమ్మకం ఆపి సరుకు వెనక్కి కొంది. సింహం చస్తే కదిలారు, సరే. కూలివాడి కంచంలోకి చేరిన విషం ఏ టీవీకి కనిపించింది? అదే 2009లో అమెరికా ప్రభుత్వం తమ తిండిలో దీని అవశేషం ఉండకూడదంది. అక్కడ కూడనిది కెన్యాలో ఎలా కూడింది? పైగా అమ్మకం ఆపాక కూడా బున్యాలాలో ఎరలు ఆగలేదు.

మన దేశంలో ఈ మందు అసలు పేరు కార్బోఫ్యూరాన్. 2023లో మిగతా రూపాలన్నీ నిషేధించి, 3 శాతం గుళికలను మాత్రం ఉంచారు. వాటిని ఒట్టి చేత్తో ఇసుకలో కలిపేదీ, మోకాలి లోతు నీళ్లలో దిగి చల్లేదీ ఎవరు? ఆసామి గట్టు దిగడు కదా! చల్లే రోజున తొడుగులు, సబ్బు, కడుక్కోను మంచినీళ్లు ఇస్తేనే మడిలో దిగుతామని కూలిరేటుతో పాటే తేల్చుకోండి. చల్లిన మడిలో చేపగానీ నత్తగానీ కూరకు ఏరుకోకండి.