పియానో మెట్లపై గమకం పలికేనా?

అమలాపురం: కర్ణాటక సంగీత కచేరీ అనగానే కోనసీమ శ్రోత కళ్ల ముందు మెదిలే దృశ్యం ఒకటే. మధ్యలో గాయకుడు, చెరోపక్క వయొలిన్, మృదంగం, వెనుక తంబూర. వయొలిన్ స్థానంలో పియానో వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుంది? గాయకుడు సిక్కిల్ గురుచరణ్, చెన్నైకి చెందిన పియానో విద్వాంసుడు అనిల్ శ్రీనివాసన్ 2000 దశకంలో కలిసి ప్రారంభించిన కచేరీలు రసికుల ముందు ఉంచిన ప్రశ్న ఇదే.

పాశ్చాత్యులకు ఈ జోడీ కొత్త కాదు. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ (1797-1828) ఆరు వందలకు పైగా గీతాలు రచించాడు. వాటిలో అధికభాగం గాత్రానికి, పియానోకు కలిపి కూర్చినవే. అక్కడ పియానో గాయకుని వెంట నడవదు, పక్కన నిలిచి తన మాట తాను చెబుతుంది. మన పక్కవాద్యం తీరు వేరు. ఆలాపనలో గాయకుడు పోయిన దారినే నీడలా అనుసరించాలి, ఆయన ఆగినచోట అందుకోవాలి.

చిక్కంతా గమకంతోనే. పియానోకు 88 మెట్లు, స్థాయికి పన్నెండు. మెట్టు నొక్కితే లోపలి సుత్తి తీగను తాకుతుంది. ఆపై ఆ నాదాన్ని పెంచడం గానీ, వంచడం గానీ వాదకుని చేతిలో లేదు. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలిచేది కాదు, ఊగుతూనే ఉంటుంది. గొంతుకు అది సాధ్యం, వయొలిన్ తీగపై జారే వేలికీ సాధ్యం. పియానోపై పక్కపక్క మెట్లను వడిగా నొక్కి ఆ ఊగిసలాటను స్ఫురింపజేయవలసిందే. శంకరాభరణం కొంత నయం, దాని స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో సరిపోతాయి. ఐరోపా బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సాహిత్యం కూర్చిన నోట్టుస్వరాలైతే పియానోపై హాయిగా కూర్చుంటాయి, వాటిలో గమకం బహుస్వల్పం.

పద్యనాటకాలు చూసి పెరిగినవారికి ఈ తగవు తెలిసినదే. మెట్ల వాద్యంపై గమకం పలకదన్న కారణం కూడా చూపి ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. సడలింపు 1971లో గానీ రాలేదు.

అయితే వయొలిన్ మాత్రం మనదా? దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) ఐరోపా వాద్యకారుని వద్ద నేర్చి దానిని మన సంగీతానికి మలిచారు. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రంతో పాటు వయొలిన్, వయోలా కూడా వాయించారు. పరాయి వాద్యమని ఆయన వెనుకాడలేదు. కానీ ఆ రెండింటికీ మెట్లు లేవు. తేడా అక్కడుంది.

పియానో కచేరీకి వెళ్లే శ్రోత ముందుగా చెవి పెట్టవలసింది తంబూరకు. పియానోలో శ్రుతిచేసిన అంతర గాంధారం తంబూర నాదంలో సహజంగా వినవచ్చే గాంధారం కంటే రవ్వంత హెచ్చు. గాయకుడు దేనివైపు మొగ్గుతున్నాడో గమనిస్తే సగం కచేరీ బోధపడుతుంది. తర్వాత పియానో వాదకుని చేతులు చూడాలి. గాయకుడు గాంధారాన్ని ఊపుతున్నప్పుడు అదే స్వరాన్ని నిలకడగా మోగిస్తే రెండూ ఢీకొంటాయి. నేర్పరి ఆ క్షణాన చేయి తీసేస్తాడు, లేదా మంద్రంలో షడ్జ పంచమాలను మాత్రం తాకి, గాయకుడు ఊపిరి తీసుకునే సందులో మళ్లీ అందుకుంటాడు.