ఎముకతో వియ్యమందే లోహం

హంసలదీవి దగ్గరి ఒక పల్లె నుంచి డెబ్బై దాటిన పెద్దావిడను ఆమె కొడుకు మా ఆస్పత్రికి తీసుకువచ్చాడు. దొడ్లో అంట్లు తోముకునే చోట పాచి మీద కాలు జారి పడింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తుమ్మచెట్టు పట్టుకుని రాత్రంతా ప్రాణం నిలుపుకున్న మనిషి, చెంబెడు నీళ్ళ తడికి పడిపోయింది. ఎడమ తొడ ఎముక మెడ దగ్గర విరిగింది. ఈ వయసులో అది చిన్న సంగతి కాదు. అయితే నన్ను అంతకన్న కలవరపెట్టింది మరొకటి. ఆమె పడి అప్పటికి ఎనిమిది రోజులైంది. నడుము కింద పుండు మొదలైంది. ఊపిరితిత్తుల్లో కఫం చేరింది.

"ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా?" అన్నాను.

"డబ్బు సమకూడలేదండి. మామూలు కీలు వేస్తే తుప్పు పడుతుంది, పైన ప్రత్యేకంగా తయారుచేసిన టైటానియం అయితేనే ఎముక పట్టుకుంటుంది అని ఒకచోట చెప్పారండి. అరెకరం బేరం పెట్టాను. కొనేవాడు నానుస్తున్నాడు" అన్నాడు.

"ఆ పొలం అమ్మొద్దని మీరన్నా చెప్పండి బాబూ" అంది ఆవిడ మంచం మీద నుంచి.

అతనికి చెప్పిన మాటలో సగం నిజం వుంది. మిగతా సగం ఆవిడకు వర్తించదు. ఈ రెండూ విడదీసి చెబితే ఇంకో ఇంట్లో ఎనిమిది రోజులు వృథా కాకుండా వుంటాయని ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను.

ముందు తుప్పు సంగతి. కృష్ణ సముద్రంలో కలిసే చోట వుండేవారికి తుప్పు గురించి ఒకరు చెప్పనక్కరలేదు. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు పొరలు పొరలుగా రాలిపోవడం రోజూ చూసేదే. మన ఒళ్ళు కూడా లోపల ఉప్పునీటి మడుగే. సముద్రపు నీటిలో నూటికి మూడున్నర పాళ్ళు ఉప్పుంటే, మన రక్తంలో ఒక పాలుకు కాస్త తక్కువ. మామూలు ఇనుము అక్కడ నిలవదు. అందుకే ఆపరేషన్లలో వాడే స్టీలు వేరు. అందులోని క్రోమియం పైన ఒక పలుచని పొర కట్టి లోపలి లోహాన్ని కాపాడుతుంది. టైటానియం ఈ విద్యలో ఇంకా ఆరితేరింది. గాలి తగిలిన మరుక్షణమే దాని మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. దాని మందం ఎంత? ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాలు! గీరితే తిరిగి వెంటనే కట్టుకుంటుంది. ఇనుము తుప్పులా రాలదు, అంటిపెట్టుకుని వుంటుంది.

ఈ లోహానికి ఎముకతో స్నేహం కుదురుతుందని తెలియడం కాకతాళీయంగా జరిగింది. స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనేమార్క్ అనే శాస్త్రజ్ఞుడు 1952 ప్రాంతంలో కుందేలు ఎముక మజ్జలో రక్తప్రసారం ఎలా సాగుతుందో చూడాలని టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని ఎముకలో బిగించాడు. పని అయ్యాక తీద్దామంటే అది రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించి వాటి మీద పళ్ళు కట్టాడు. ఆ రోగి 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళకు పైగా, ఆ మరలు అలాగే నిలిచాయి.

ఇక అసలు ప్రశ్న. లోహాన్ని చూసి మన కణం ఏమనుకుంటుంది?

బందరు చిలకలపూడి నగలు తెలియని ఇల్లు మన జిల్లాలో లేదు. ఆ నగ వేసుకున్నప్పుడు ఒంటికి తెలిసేది పైనున్న పూతే. పూత అరిగి అడుగు లోహం తగిలిన నాడు కొందరికి మెడ దురద పెడుతుంది. కణం కథా అంతే. లోపల ఎంత దళసరి లోహం వుందో దానికి అక్కరలేదు. పైనున్న ఆ నాలుగైదు భాగాల మందమే దానికి లోకం. నిజానికి కణం లోహాన్ని నేరుగా తాకదు కూడా. లోహానికి రక్తం తగిలిన క్షణాల్లోనే రక్తంలోని ప్రొటీనులు వచ్చి దాని మీద పరుచుకుంటాయి. పెడనలో కలంకారీ వేసేవారు ఉత్త బట్ట మీద రంగు వెయ్యరు. ముందు కరక్కాయ ద్రావణంలో ముంచి ఆరబెడతారు. రంగు పట్టుకునేది ఆ తయారీ వల్ల. ఇక్కడ ప్రొటీను పొర ఆ కరక్కాయ లాంటిది. కణం తన చేతులతో ప్రొటీనును పట్టుకుంటుంది. ఆ ప్రొటీను ఏ భంగిమలో కూర్చుందనేది లోహపు ఉపరితలాన్ని బట్టి వుంటుంది. అందుకే ఉపరితలానికి ఇంత ప్రాముఖ్యం.

అద్దంలా నునుపు చేసిన టైటానియం మీద, పీచుకణజాలం కట్టే ఫైబ్రోబ్లాస్టు కణాలు హాయిగా పాకుతాయి. ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టు కణాలకు మాత్రం గరుకు నేల కావాలి. ఎంత గరుకు? మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటాం. ఒకటి రెండు మైక్రానుల ఎత్తుపల్లాలైతే ఎముకకు బాగా నప్పుతుందని తేలింది. చేతికి అది దాదాపు తెలియదు. నునుపు మీద ఈ కణాలు సంఖ్య పెంచుకుంటూ పోతాయి. గరుకు మీద ఆ పెరుగుదల తగ్గించి పనిలోకి దిగుతాయి, అంటే ఎముకకు కావలసిన పదార్థాలు తయారుచెయ్యడం మొదలుపెడతాయి. పాత గోడకు గాట్లు పెట్టకుండా సిమెంటు పూస్తే పెచ్చులూడుతుందని మేస్త్రీలకు తెలుసు. అయితే గోడకు తెలివి లేదు. కణానికి కాళ్ళ కింది నేలను బట్టి తన వృత్తి మార్చుకునే తెలివి వుంది. నా ఉద్యోగ జీవితంలో చదివిన శాస్త్రంలో నన్ను ఇంతగా అబ్బురపరచినవి కొద్దే.

గరుకు చేసే పద్ధతులు చాలా వున్నాయి. గట్టి రేణువులను గాలి వేగంతో కొట్టి, ఆ తర్వాత ఆమ్లంలో ముంచి చెయ్యడం ఎక్కువ వాడుకలో వుంది. విద్యుత్తు పంపి ఆక్సైడు పొరనే దళసరిగా, సన్నని రంధ్రాలతో పెంచడం మరొకటి. ఇందులో మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్ అనే విధానం మీద హైదరాబాదులోని ఏఆర్‌సీఐ పరిశోధనా కేంద్రం పనిచేసింది. ఎముకలో వుండే సున్నపు ఖనిజాన్నే పోలిన హైడ్రాక్సీఅపటైటును పూతగా వెయ్యడమూ వుంది. టైటానియం మిశ్రమాలూ, శరీరంలో అమర్చే భాగాలూ హైదరాబాదు మిధానీలో తయారవుతున్నాయి. కాబట్టి "బయటి నుంచి తెప్పించాలి" అన్న మాటకు అంతగా బెదిరిపోనక్కరలేదు.

తయారై చాలాకాలం గాలిలో వున్న టైటానియం మీద నీటిబొట్టు తామరాకు మీద బొట్టులా నిలుస్తుంది. కొత్తగా శుభ్రం చేసిన దాని మీద నీరు పరుచుకుంటుంది. అటువంటి తడిసే ఉపరితలం మీద రక్తం బాగా అంటుకుంటుంది, శరీరపు కాపలా కణాలు కూడా పోట్లాట తగ్గించి మరమ్మతు వైపు మొగ్గుతాయి. అందుకే కొందరు తయారీదారులు వాటిని ఉప్పునీటిలో వుంచి అమ్ముతారు.

గరుకు నేల ఎముక కణానికే కాదు, సూక్ష్మక్రిములకూ ఇష్టమే. పడవ అడుగున నత్తగుల్లలు పట్టినట్టు క్రిములు అంటుకుని పైన జిగురు గూడు కట్టుకుంటే ఏ మందూ సరిగా చేరదు. ఎవరు ముందు చేరితే స్థలం వారిది. గ్రిస్టినా అనే అమెరికా సర్జను 1987లో దీన్ని పరుగుపందెంతో పోల్చాడు. ఈ పందెంలో మన కణాల కాళ్ళకు అడ్డుపడేవి రెండు: అదుపులో లేని షుగరు, పొగాకు. వేలకు వేలు పోసి దవడలో మర వేయించుకుని, బయటికి రాగానే చుట్ట ముట్టించేవారిని చూశాను. ఏ పూతా వారిని కాపాడలేదు. చిగుళ్ళ దగ్గర క్రిములు చేరితే పట్టుకున్న ఎముక కూడా కరిగిపోతుంది.

మరి ఈ ఉపరితలం ఎవరికి ముఖ్యం? సిమెంటు లేకుండా తుంటి కీలు అమర్చేవారికి, దవడలో పళ్ళ మరలు వేయించుకునేవారికి ముఖ్యం. అక్కడ ఎముకే లోహాన్ని పట్టుకోవాలి. విరిగిన ఎముకకు ప్లేటు వేసినప్పుడు దాని పని ఎముక అతికేదాకా కదలకుండా పట్టివుంచడమే. తర్వాత తియ్యవలసి వస్తే ఎముక దాన్ని కప్పేసుకుని వుండడం సర్జనుకు తలనొప్పి కూడాను. అక్కడ నునుపే మేలు.

ఇక మన పెద్దావిడ. ఆ వయసులో ఎముక పలచబడి వుంటుంది. గరుకు కీలును అందులో బిగించి దింపుతుంటే ఎముక పగిలే అవకాశం వుంది. అందుకే ఇటువంటి వృద్ధులకు సిమెంటుతో అమర్చడమే మంచిదని వైద్యులు చెబుతున్నారు. ఇది ఇల్లు కట్టే సిమెంటు కాదు, ఆక్రిలిక్ ముద్ద. పావుగంటలోపే గట్టిపడుతుంది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లే 1960 ప్రాంతం నుంచే దీన్ని వాడాడు. సిమెంటు పెట్టేటప్పుడు కొద్దిమందికి బి.పి. ఒక్కసారిగా పడిపోతుంది, అందుకు మత్తు డాక్టరు కనిపెట్టుకుని వుంటాడు. సిమెంటుతో బిగించే కాడలు మామూలుగా స్టీలువో, కోబాల్టు క్రోమియంవో వుంటాయి. వాటికి ఎముక అంటుకోవలసిన పనే లేదు. అంటే ఆవిడకు పూత టైటానియమే కాదు, అసలు టైటానియమే అవసరం లేదు. తుంటి విరిగిన వృద్ధులకు కావలసింది వీలైతే రెండు రోజుల్లోపు ఆపరేషను, మర్నాడే లేపి నిలబెట్టడం.

కొడుకుతో, "నీ అరెకరం ఎటూ పోదు, ముందు మీ అమ్మను లేపుదాం" అన్నాను. కఫానికి మందులిచ్చి, మా ఎముకల డాక్టరు మూడోనాడు స్టీలు కాడతో సిమెంటు కీలు అమర్చాడు. మర్నాడు వాకరు పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. ఇంటికి పంపేటప్పుడు కీలు డబ్బా మీది చీటీని, నంబరుతో సహా, దాచుకొమ్మని ఇచ్చాం. రేపు ఏ స్కానింగు చెయ్యాలన్నా, కీలు మార్చాలన్నా ముందు అడిగేది అదే.

తుంటి త్వరగానే కుదుటపడింది. నడుము కింది పుండు మానడానికి మాత్రం ఏడు వారాలు పట్టింది.