పాడియావు దాణా – పరీక్షించు విధము

పాలలో నీరు కలిసినదా లేదా యని మనమందరము చూచుచుందుము. ఆ పాలనిచ్చు ఆవు తినెడి దాణా యెట్టిదో చూచువారు కొందరే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో పెక్కు గృహములందు కుడితి కలుపుట, పసులకు దాణా పెట్టుట స్త్రీల పనియే. పూర్వము తవుడు ఇంటి దంపుడు నుండియు, తెలకపిండి ఊరి గానుగ నుండియు వచ్చుచుండుట వలన వాని మంచిచెడ్డలు కంటి యెదుటనే యుండెను. ఇప్పుడవి మిల్లుల నుండియు, అంగడి బస్తాల నుండియు వచ్చుచున్నవి. కావున సోదరీమణులు దాణాను పరీక్షించుట నేర్వవలసియున్నది.

బస్తాపై మాంసకృత్తులు నూటికి ఇన్ని పాళ్లని అచ్చువేయుదురు. పరీక్షాశాలలో దాణాయందలి నత్రజనిని కొలిచి, 6.25 చేత హెచ్చించగా వచ్చినదే ఆ యంకె. ఆ నత్రజని గింజలోనిదో, ఎరువులోనిదో ఈ లెక్క చెప్పజాలదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని గలదు. అందుచే ఒక కిలో యూరియా ఈ లెక్కలో దాదాపు మూడు కిలోల మాంసకృత్తులవలె కనబడును! నెమరువేయు పశువు కొలదిపాటి యూరియాను జీర్ణించుకొనగలదు గాని, మితిమీరినచో నది విషము. లేగదూడలకు అసలే పెట్టరాదు.

2007వ సంవత్సరమున అమెరికాలో పెంపుడు కుక్కలకు, పిల్లులకు అమ్మెడి ఆహారమున ఇట్టి మోసమే బయటపడెను. చైనా నుండి వచ్చిన గోధుమ మాంసకృత్తులలో మెలమైన్ అను రసాయనమును కలిపి నత్రజని లెక్కను పెంచిరి. మూత్రపిండములు చెడి పెక్కు జంతువులు మరణించెను. అంకె బాగుగనే యుండెను, దినుసే చెడ్డది.

కాబట్టి దినుసును స్వయముగా చూడవలెను. మంచి తవుడును గుప్పిట నొక్కినచో నూనె జిడ్డుచే ముద్దగా నిలుచును. ఊకపొడి కలిసినది రాలిపోవును, వ్రేళ్లకు గరగరలాడును. నూనె తీసిన తవుడును ముద్దకట్టదు. దానిని ఆ పేరుతో, ఆ ధరకే కొనవలెను. కనరువాసన గల తవుడు పనికిరాదు.

తెలకపిండిని గాజుగ్లాసు నీటిలో నానబెట్టి కలియబెట్టినచో ఇసుక అడుగునకు దిగును. పొట్టు పైకి తేలును. నురుగు విస్తారముగా లేచి చాలసేపు నిలిచినచో ఇప్పచెక్క కలిసినదేమో యని శంకింపవలెను. నిగనిగలాడు మచ్చల పెంకులు కనబడినచో ఆముదపుచెక్క యని యెంచి విడువవలెను. అది పొలమునకు ఎరువే గాని పశువునకు మేత కాదు.

అన్నిటికంటె జాగ్రత్త వలసినది వేరుశనగచెక్క విషయమున. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోగా, బూజుపట్టిన వేరుశనగపిండియే కారణమని తేలెను. ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. ఆవు దానిని తినినచో కొంత పాలలోనికి దిగును; పాలు కాచినను పోదు. కిలో పాలలో అర మైక్రోగ్రామునకు, అనగా గ్రాములో ఇరువది లక్షలవ వంతునకు మించరాదని మన దేశపు ఆహార ప్రమాణము. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు మన ప్రాంతమును తాకినవి అక్టోబరు మాసముననే. ఆ దినములలో తడిసిన చెక్కను ఎండబెట్టి బూజు దులిపినను, ఉడికించినను విషము పూర్తిగా పోదు. పోయిన సొమ్మునకు వగచి దానిని కోళ్లకైనను వేయరాదు.

బస్తా దాణా కొనునపుడు భారతీయ ప్రమాణముల సంస్థ వారి ఐ.ఎస్. 2052 గుర్తును, తయారుచేసిన తేదిని చూడుడు. ఒక మాసమునకు సరిపడునంతయే కొనుడు. బస్తాను నేలకును గోడకును తగులకుండ చెక్కబల్లపై నుంచుడు. బియ్యము చెరిగి రాళ్లేరు చేతులకు ఈ పరీక్ష కష్టము కాదు. ఆవు ముందరి తొట్టిలో మనము వేసినదే సాయంకాలమునకు బిడ్డ గిన్నెలోనికి వచ్చుచున్నదని మరువకుందుము గాక.