మొలలేనని ఊరుకోవద్దు: పెద్దప్రేగు పరీక్షను గురించి సభ్యులకు కొన్ని సంగతులు



మన సంఘాలలో పూటపూటకూ ప్రతి సభ్యుని పాలకూ పరీక్ష జరుగుతున్నది. పాలు తెల్లగానే ఉన్నవి, వాసన బాగానే ఉన్నది, మరి పరీక్ష ఎందుకని ఎవరూ అడుగరు. పొదుగువాపు విషయమూ అంతే. పాలు విరిగి, రక్తపు చారలు కనబడేదాకా ఆగితే ఆ చన్ను చేజారినట్లే. అందుకే పాలు బాగున్నప్పుడే నాలుగు చన్నుల పాలనూ పళ్ళెములో వేరువేరుగా పిండి, మందునీళ్ళు కలిపి, ఏది చిక్కబడుతున్నదో చూచి దాగిన జబ్బును పట్టుకుంటున్నాము. మనుష్యులకు వచ్చే పెద్దప్రేగు క్యాన్సరును కూడ ఇదేవిధముగా, బాధ మొదలుకాక ముందే పట్టుకొనే పరీక్షలు ఉన్నవి. ఆ సంగతి మన సభ్యులలో చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడ పైకి చెప్పుకొనరు.

నేను వైద్యుడను కాను. సహకార డిప్లొమా చదివి, సంఘాల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగిని. వైద్యులను అడిగి, చదివి తెలుసుకొన్నదానిని మీ ముందు ఉంచుతున్నాను.

పెద్దప్రేగు సుమారు అయిదడుగుల పొడవుగల గొట్టము. వయస్సు పైబడినకొద్దీ కొందరికి దాని లోపలి పొరమీద చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. వీటిని పాలిప్‌లు అంటారు. వీటిలో ఎక్కువ భాగము ఎన్నటికీ ఏ హానీ చేయవు. కొన్ని మాత్రము మెల్లగా పెరిగి క్యాన్సరుగా మారుతవి. ఇలా మారడానికి సాధారణముగా పదేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువే పడుతుంది. ఆ పదేళ్ళూ మనిషికి నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, పనికి అడ్డము రాదు. ఆ గడువులో బుడిపెను కనిపెట్టి తీసివేస్తే అది క్యాన్సరు అయ్యే అవకాశమే పోతుంది. వచ్చిన జబ్బును ముందుగా పట్టుకొనే పరీక్షలు మరికొన్ని ఉన్నవి గాని, రాబోయేదానిని రాకుండా ఆపగలిగినవి కొద్దే.

అమెరికా అధ్యక్షుడు రీగన్ సంగతి కొందరికి జ్ఞాపకము ఉండవచ్చును. 1985 జూలైలో ఆయన ప్రేగులోని ఒక చిన్న బుడిపెను తీసివేయడానికి గొట్టపు పరీక్ష చేశారు. చిన్నది సరే, ప్రేగు మొదటి భాగములో ఇంకొక పెద్దది బయటపడినది. మరునాడే ఆపరేషను చేసి సుమారు రెండడుగుల ప్రేగు తీసివేశారు. పరీక్షలో అది క్యాన్సరని తేలినది. అప్పటికి ఆయన వయస్సు 74. తరువాత పదవీకాలము పూర్తిగా పనిచేసి, 2004లో 93వ ఏట మరణించారు. పరీక్షకు తీరిక లేదనే మన సంఘాల అధ్యక్షులు ఈ అధ్యక్షుని తీరికను గమనించగలరు.

ఇక మన ఊళ్ళలో జరిగేది చూడండి. మలములో రక్తము కనబడిన మనిషి మొదట అనుకొనేది వేడి చేసిందని. రెండు రోజులు మజ్జిగ ఎక్కువ త్రాగుతాడు, సబ్జా గింజలు నానబెట్టుకుంటాడు. మళ్ళీ కనబడితే మొలలని తానే నిర్ణయించుకుంటాడు. ఆపైన బస్సుస్టాండు దగ్గర ఆపరేషను లేకుండా మొలలు శాశ్వతముగా నయము చేస్తామనే బోర్డు ఉండనే ఉన్నది. నిజమే, రక్తము పడేవారిలో చాలామందికి అది మొలలే. కాని మొలలూ ప్రేగులో గడ్డా ఒకే మనిషిలో ఉండకూడదని ఏమీ లేదు. చూడకుండా ఏది ఏదో చెప్పడము ఎవరి తరమూ కాదు. వేలితోనైనా పరీక్షించకుండా మొలల మందు ఇచ్చే మనిషి వద్దకు రెండవసారి పోవద్దని నా అభిప్రాయము.

నా పరిధిలోని ఒక సంఘములో రోజుకు పన్నెండు లీటర్లు పోసే సభ్యుడొకరు రెండేళ్ళపాటు మొలల మందే వాడారు. నీరసానికి బలము మందులు, ఇంజక్షన్లు. రిజిస్టరులో ఆయన పాలు నెలనెలకూ తగ్గుతూ ఉండడము చూచి కార్యదర్శిని అడిగితే, "మనిషి లేవలేకపోతున్నాడండి, గేదెలను అమ్ముకుంటున్నారు" అన్నారు. పట్టణములో పరీక్ష చేసేనాటికి జబ్బు కాలేయమునకు పాకినది. నాలుగు గేదెలలో మూడు వైద్యానికే పోయినవి. మిగిలిన ఒక్కదాని పాలు ఇప్పుడు ఆయన భార్య పోస్తున్నారు.

తెల్లవారి కొట్టములోకి పోగానే మనము చూచేది పేడను. పలుచగా వేసిందా, గట్టిగా వేసిందా, జిగురున్నదా, రక్తపు జీర ఉన్నదా అని చూచి, తేడా ఉంటే పూట దాటకుండా గోపాలమిత్రకు కబురు పెడతాము. మన సంగతి వచ్చేసరికి అటు చూడము. చూచినా ఇంట్లో చెప్పము. ఆడవారు మరీ చెప్పరు. రక్తము పడడము, మలము నల్లగా రావడము, విరేచనపు అలవాటు మారి మూడు నాలుగు వారాలైనా సర్దుకొనకపోవడము, వెళ్ళివచ్చినా ఇంకా మిగిలినట్లు అనిపించడము, కారణము లేకుండా బరువు తగ్గడము, వీటిలో ఏది ఉన్నా డాక్టరు వద్దకు పోవలెను. ప్రేగు కుడివైపున లేచే గడ్డ అయితే రక్తము కంటికి కనబడకుండానే లోపల కారుతూ ఉంటుంది. మనిషి పాలిపోయి, ఆయాసపడతాడు. వయస్సు వచ్చిన మగవానికి, ముట్లుడిగిన ఆడమనిషికి రక్తము తక్కువగా ఉన్నదని తేలితే ఐరను మాత్రలు వాడి ఊరుకోరాదు. రక్తము ఎక్కడికి పోతున్నదని అడుగవలెను. నిల్వ తగ్గినచోట మేము మొదట అడిగే ప్రశ్న కూడ అదే.

ఏ బాధా లేనివారి మాట ఏమిటి? తనిఖీకి పోయినప్పుడు కొందరు "మా సంఘము సక్రమముగానే ఉన్నది, మా దగ్గరకెందుకండీ" అంటారు. సక్రమముగా ఉన్న సంఘానికీ ఏటా ఆడిట్ జరుగవలసినదే. ఈ జబ్బు లెక్క కూడ అలాగే ఉన్నది. అమెరికా లెక్కల ప్రకారము, జబ్బు ప్రేగు దాటకముందే పట్టుబడినవారిలో నూటికి సుమారు 90 మంది అయిదేళ్ళ తరువాత కూడ జీవించి ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకిన తరువాత ఆ సంఖ్య సుమారు 15 మాత్రమే. అక్కడ ఈ పరీక్షలు 50వ ఏట మొదలుపెట్టమని చెప్పేవారు. చిన్నవయస్సువారికి కూడ జబ్బు రావడము పెరుగుతున్నందున 2021లో దానిని 45కు తగ్గించారు. మన దేశములో ఈ క్యాన్సరు పాశ్చాత్య దేశాలకంటె తక్కువే. తక్కువ గనుక మనకు రాదనుకొనడమే, వచ్చినవారు ఆలస్యముగా ఆసుపత్రికి చేరడానికి ఒక కారణము. తల్లిదండ్రులకు గాని, తోడబుట్టినవారికి గాని ఈ జబ్బు వచ్చి ఉంటే 40వ ఏటనే, లేదా వారికి జబ్బు బయటపడిన వయస్సుకు పదేళ్ళు ముందుగానే, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించుకోవలెనని వైద్యులు చెబుతున్నారు. తండ్రికి 45లో వస్తే కొడుకు 35లో అన్నమాట. వాటాలు మాత్రమే వారసత్వముగా వస్తాయనుకోరాదు.

మొదటి పరీక్ష చాలా సులువు. దీనిని ఫిట్ పరీక్ష అంటారు. ఇంటివద్దనే చిన్న పుల్లను మలానికి తాకించి, ఇచ్చిన సీసాలో పెట్టి లాబొరేటరీకి అందజేయవలెను. మన శాంపిలు సీసా వంటిదే. కంటికి కనబడనంత రక్తమున్నా ఇది పసికడుతుంది. పథ్యము అక్కరలేదు. ఏటా ఒకసారి చేయించుకోవలెను. ఇంగ్లండులో ప్రభుత్వమే రెండేళ్ళకొకసారి ఈ పరికరాన్ని పోస్టులో ఇళ్ళకు పంపుతున్నది. మన ఉపకేంద్రాలలో 30 ఏళ్ళు దాటినవారికి బి.పి., షుగరుతోపాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్ష చేస్తున్నారు. అవి తప్పక చేయించుకోండి. కాని పెద్దప్రేగు ఆ జాబితాలో లేదు గనుక దీనిని విడిగా అడుగవలెను. ఫిట్‌లో రక్తము ఉన్నదని వచ్చినంతమాత్రాన క్యాన్సరు అని కాదు. మొలలవల్ల కూడ రావచ్చును. అయితే అక్కడితో ఆగకుండా గొట్టపు పరీక్షకు పోవలెను. అలాగే బాధలు ఉన్నవారు ఫిట్‌లో ఏమీ లేదని వచ్చినా ఊరుకోరాదు.

మధ్యలో ఒక మాట. 2025 జనవరిలో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు అయిదు లక్షలకు పైగా స్త్రీల వివరాలు పరిశీలించి, రోజుకు ఒక పెద్ద గ్లాసు పాలలో ఉండేటంత కాల్షియము అదనముగా తీసుకొనేవారిలో ఈ క్యాన్సరు సుమారు 17 శాతము తక్కువగా కనబడినదని ప్రకటించారు. మనకు సంతోషమే. కాని పాలు త్రాగితే పెద్దప్రేగు క్యాన్సరు రాదని ఏ కార్యదర్శీ సంఘము గోడమీద వ్రాయించవద్దు. తగ్గుతుంది అనడానికీ రాదు అనడానికీ చాలా తేడా ఉన్నది. సారా, పొగాకు, అధిక బరువు జబ్బును పెంచేవే.

గొట్టపు పరీక్షను కొలనోస్కోపీ అంటారు. చివర కెమెరా ఉన్న సన్నని, మెత్తని గొట్టముతో ప్రేగునంతా చూచి, బుడిపె కనబడితే అప్పుడే తీసివేస్తారు. అరగంట, ముప్పావుగంట పని. మత్తు ఇస్తారు గనుక నొప్పి పెద్దగా తెలియదు. ప్రేగుకు గాయము కావడము, రక్తము కారడము వంటివి అరుదుగా జరుగుతవి. ముందుగా డాక్టరును అడిగి తెలుసుకోండి. ఏమీ లేదని తేలితే, వంశములో జబ్బు లేనివారికి మళ్ళీ పదేళ్ళవరకు అక్కరలేదు. ఖర్చు ఆసుపత్రినిబట్టి మారుతుంది. ఆరోగ్యశ్రీ, వైద్యసేవ కార్డులు పరీక్షకు వర్తిస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి, నిమ్స్, తిరుపతి స్విమ్స్, విశాఖ హోమీ భాభా ఆసుపత్రి వంటి సంస్థలలో క్యాన్సరు వైద్యము ఉన్నది.

నిజమైన కష్టము ముందురోజుదే. ప్రేగు శుభ్రము కావడానికి లీటర్లకొద్దీ మందునీళ్ళు త్రాగి, పదేపదే వెళ్ళవలసి ఉంటుంది. ఆ రోజు తేటగా ఉండే ద్రవాలే పుచ్చుకోవలెను. కొబ్బరినీళ్ళు సరే, పాలు, మజ్జిగ పనికిరావు. షుగరు మందులు, రక్తము పలుచబరిచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందుగా డాక్టరుకు చెప్పవలెను. మత్తు దిగేవరకు మోటారుసైకిలు నడుపరాదు గనుక ఒకరిని తోడు తీసుకొనిపోవలెను. ఆ రెండు పూటలూ పాలు పితికి సంఘములో పోయడానికి ఇంట్లో మరొకరికి పాసుపుస్తకము అప్పగించి బయలుదేరండి.